ఎవరి చేతి కొలత?

“చేతులు చిన్నగా ఉన్నాయి మేడమ్. ఇంకో రెండేళ్ళు ఆగి తీసుకురండి.”

హైదరాబాద్‌లో ఒక షూటింగ్ రేంజిలో మా అమ్మాయికి పిస్టల్ ఇచ్చి చూసిన శిక్షకుడు అన్న మాట ఇది. కోపంగా అనలేదు, వెక్కిరింపుగానూ అనలేదు. చెప్పుల దుకాణంలో ‘ఈ సైజు లేదమ్మా’ అన్నంత మామూలుగా అన్నాడు. కాకపోతే చెప్పుల దుకాణంలో సైజు లేకపోతే లోపం దుకాణానిది. ఇక్కడ లోపం మా పిల్ల చేతులది అయింది.

అది 2023 నవంబరు. మేం నిజామాబాద్‌లో ఉంటాం. 2022 మే నెలలో మా ఊరి అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పట్నించీ ఆడపిల్లల ఆటల గురించి మా వీధిలో మాట్లాడే తీరు కొంచెం మారింది. అయితే మా అమ్మాయి గ్లవ్స్ అడగలేదు. మరుసటి ఏడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలుచుకుంది. అప్పుడు టీవీ ముందు కూర్చుని, “ఉరుకుడు లేదు, దుంకుడు లేదు. నిలబడి చూసుడే కదమ్మా?” అంది. తను పొట్టిగా, సన్నగా ఉంటుంది. కబడ్డీ జట్టు కట్టేటప్పుడు ఎప్పుడూ చివరికి మిగిలిపోతుంది. నిలబడి గెలిచే ఆట ఒకటుందని తెలిసి సంబరపడింది.

ఆ రోజు తిరిగివచ్చేటప్పుడు బస్సు కామారెడ్డి దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేయి ముందుకు చాపి చూసుకుంటూ, “వేలు ట్రిగ్గర్ మీదికి పోనే లేదమ్మా. కొస మాత్రమే తాకింది” అంది.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. తుపాకుల గురించి నాకు తెలిసిందంతా యుద్ధాల పాఠాల్లోంచి తెలిసిందే. పానిపట్టులో ఎన్ని ఫిరంగులున్నాయో చెప్పగలను గానీ, వాటిని పట్టుకున్న చేతుల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల చెప్పిన ఆ ‘కొస మాత్రమే’ నన్ను వదల్లేదు.

*

ఆ ఆదివారం బోధన్ వెళ్ళాం, అమ్మ దగ్గరికి. అమ్మ ఇల్లు శక్కర్‌నగర్‌కి దగ్గర్లోనే. నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో అక్కడ మొదలైంది. ఆసియాలోనే పెద్దదని పేరుపడింది. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది కాబట్టే ఇక్కడ అంత చెరుకు పండింది. నాన్న ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. 2002లో అది ప్రైవేటు యాజమాన్యం చేతిలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. నాన్న జీతం అంతా సీజన్‌తో ముడిపడినది. ఏడాది పొడుగునా ఇల్లు నడిపింది మాత్రం అమ్మ చుట్టిన బీడీలు.

“ఏమన్నడు బిడ్డా సారు?” అనడిగింది అమ్మ.

“చేతులు చిన్నగున్నయట అమ్మమ్మా.”

అమ్మ ఒళ్ళో చాట పక్కన పెట్టి నవ్వింది. “అగో! చేతులు చిన్నగున్నయనే కదా నన్ను పనిలకు తీసుకున్నరు!”

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా జిల్లాలో లక్షల బీడీలు ఆడవాళ్ళ చేతుల మీదుగానే పోతాయి. తునికాకు నానబెట్టి, రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసను గోటితో మడిచేదాకా అంతా వేళ్ళ పనే. “ఆడోళ్ళ వేళ్ళు సన్నగుంటయి, ఆకు చినగది” అని ఖార్ఖానా వాళ్ళు మెచ్చుకునేవాళ్ళట. మెచ్చుకోలు మాత్రం ఎక్కువ, కూలి తక్కువ. వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టి, అందులోనూ బాగాలేవని కొన్ని ఏరి పక్కన పారేసేవాళ్ళు. 1966లో బీడీ కార్మికుల కోసం చట్టం వచ్చినా, ఇంట్లో కూర్చుని చుట్టే ఆడదాన్ని కార్మికురాలు అనిపించుకోవడానికి చాలా ఏళ్ళు కొట్లాడవలసి వచ్చింది.

1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు స్త్రీవాద అర్థశాస్త్రవేత్తలు ఈ ‘చురుకైన వేళ్ళ’ మీద ఒక వ్యాసం రాశారు. మనలో చాలామంది క్లాసుల్లో చెప్పిన వ్యాసమే. మూడో ప్రపంచ దేశాల్లో ఎగుమతి సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఆడవాళ్ళ వేళ్ళ నేర్పును పుట్టుకతో వచ్చిన గుణంగా చూస్తాయనీ, నిజానికి అది చిన్నప్పట్నించీ ఇంటిపనిలో, కుట్టుపనిలో వచ్చిన శిక్షణ అనీ, ఆ శిక్షణ ఎవరికీ కనపడదు కాబట్టి దానికి తగ్గ కూలి ఉండదనీ వాళ్ళు చెప్పారు. నేనూ ఆ వ్యాసం చాలాసార్లు చెప్పాను. కానీ దాని రెండో వైపు ఆ ఆదివారమే నాకు కనపడింది. కూలి పని దగ్గర చిన్న చేయి అర్హత. గౌరవం, పతకం, ఉద్యోగం వచ్చేచోట అదే చిన్న చేయి లోపం. అమ్మ చేయీ మనవరాలి చేయీ ఒకటే. మారింది పని విలువ.

*

పనిముట్టుకు పిడి పెట్టేటప్పుడు ఎవరి చేయిని కొలతగా తీసుకున్నారన్న ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతుక్కుంటూ పోయాను. మా ఊళ్ళో వడ్లాయన కొడవలికి పిడి వేసేటప్పుడు “ఎవరికి? ఏదీ, చెయ్యి చూపెట్టు” అనడిగేవాడు. కలుపు తీసే ఆడవాళ్ళకు సన్నటి పిడి, చెరుకు నరికే మగవాళ్ళకు లావుది. పాతకాలం అంతా బాగుండేదని దీన్ని పట్టుకుని అనలేను. అదే వడ్లాయన నాగలి మేడికి ఏ ఆడదాని చేతి కొలతా అడగలేదు. నాగలి ఆడది పట్టగూడదు. చేయి చిన్నదైనా పెద్దదైనా ఆ ప్రశ్నే రాదు.

తుపాకీ నాగలి లాంటిదే. నిజాం రాజ్యంలో తుపాకులు గడీల్లో ఉండేవి, పోలీసుల దగ్గరుండేవి, తర్వాత రజాకార్ల దగ్గరుండేవి. తెలంగాణ సాయుధ పోరాటం ముఖ్యంగా నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలది. మా నిజామాబాద్ వాటా ఖిల్లా జైలు. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్న జైలు అది. పోరాటం మొదటి రోజుల్లో ఆడవాళ్ళ చేతిలో ఉన్నవి వడిసెల, రోకలి, కారప్పొడి. వడిసెలకు సైజుల గొడవ లేదు. ఎవరి చేయి పొడుగును బట్టి వాళ్ళే పేనుకుంటారు. తర్వాత తుపాకులు వచ్చాయి. పదహారు పదిహేడేళ్ళ వయసులో మల్లు స్వరాజ్యం దళంలో ఉంది. ఆమె తలకు ప్రభుత్వం 10,000 రూపాయల వెల కట్టింది. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివిన మనందరికీ, పోరాటం ఆగిపోయాక ఆ ఆడవాళ్ళను ఇక ఇళ్ళకు పొమ్మన్నారని తెలుసు. ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివినా నేను అడగని చిన్న ప్రశ్న ఒకటుంది. సిపాయి భుజానికి తయారైన రైఫిలు ఆ పిల్లల భుజానికి ఎలా ఆనింది?

ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి దొరికింది. ఆ రోజుల్లో ఇక్కడ అందరికీ తెలిసిన ‘త్రీనాట్‌త్రీ’, అంటే బ్రిటిష్ వాళ్ళ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్, భుజానికి ఆనించే కట్టె ఒకే కొలతలో వచ్చేది కాదు. మామూలుది, పొట్టిది, పొడుగుది ఉండేవి. అవి కాక ‘బాంటమ్’ అని ఇంకొకటి ఉండేది. మామూలు దానికన్నా ఒక అంగుళం పొట్టి. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యం 5 అడుగుల 3 అంగుళాల లోపు మగవాళ్ళను వద్దనేది. 1914 చివరికి మనుషులు చాలక, అలాంటివాళ్ళతోనే బాంటమ్ పటాలాలు కట్టింది. పొట్టి మగవాళ్ళు అవసరమైన రోజున తుపాకీ కట్టె ఒక అంగుళం తగ్గింది. ‘ఇంకా పెరిగి రండి’ అని ఎవరూ వాళ్ళను వెనక్కి పంపలేదు.

అంటే కొలత మార్చడం వందేళ్ళ కింద కూడా కష్టం కాదు. ఎవరికోసం మార్చాలనుకుంటారు అన్నదే అసలు సంగతి.

*

పోటీల చరిత్ర కూడా దాదాపు ఇదే. మన దేశంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1951లో ఏర్పడింది. మొదటి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ దానికి మొదటి అధ్యక్షుడు. ఆ ఆటలో తొలినాళ్ళలో పేరు వినపడ్డ ఆడపిల్ల బికనీర్ రాజకుమారి రాజ్యశ్రీ కుమారి. 1968లో అర్జున అవార్డు అందుకుంది. ఆమె తండ్రి కర్ణీసింగ్ ఒలింపిక్ షూటర్. నైపుణ్యం ఆమెదే, కాదనను. కానీ ఇంట్లోనే తుపాకులు, గుండ్లు, తీరిక ఉన్న పిల్లకు తప్ప ఇంకెవరికీ ఆ తలుపు తెరిచి లేదు.

ఒలింపిక్స్‌లో షూటింగ్‌కు ఆడవాళ్ళు మొదటిసారి వచ్చింది అదే 1968లో, మెక్సికోలో. మెక్సికో, పెరూ, పోలండ్‌ల నుంచి ఒక్కొక్కరు. మగవాళ్ళతో కలిసే పోటీ. 1976లో మాంట్రియల్‌లో అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్ రైఫిల్ పోటీలో తన దేశస్థుడు లానీ బాషమ్‌తో సమానంగా స్కోరు చేసింది. నియమాల ప్రకారం స్వర్ణం అతనికి, రజతం ఆమెకు వెళ్ళాయి. జాతీయగీతం వినిపించేటప్పుడు అతను ఆమెను తను నిలబడ్డ మెట్టు మీదికి లాక్కున్నాడు. 1984లో లాస్ ఏంజిలస్‌లో ఆడవాళ్ళకు విడిగా పోటీలు పెట్టారు. 25 మీటర్ల పిస్టల్‌లో మొదటి స్వర్ణం కెనడాకు చెందిన లిండా థామ్‌ది. ఆడవాళ్ళ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 1988లో వచ్చింది.

విడి పోటీ ఒక తలుపు తెరిచింది, ఇంకొకటి మూసింది. 1992లో బార్సిలోనాలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్ళతో కలిసి ఆడిన స్కీట్ పోటీలో స్వర్ణం గెలిచింది. 1996లో ఆ పోటీ మగవాళ్ళకే మిగిలింది. ఆడవాళ్ళకు వేరే స్కీట్ 2000లో గాని రాలేదు. ఇక ఎయిర్ పిస్టల్‌లో మగవాళ్ళు 60 గుండ్లు కాలిస్తే ఆడవాళ్ళకు 40 మాత్రమే ఉండేవి. వాళ్ళు అంతసేపు చేయి ఎత్తి ఉంచలేరని ఎవరు ఎప్పుడు కొలిచారో! బోధన్‌లో పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా వంగి కూర్చుని వెయ్యి బీడీలు చుట్టినవాళ్ళను ఆ కొలతకు పిలవలేదు. 2018 నుంచి ఆడవాళ్ళకూ 60 గుండ్లు అయ్యాయి. ఆకాశమేమీ విరిగి పడలేదు.

మన ప్రభుత్వానికీ ఒకసారి ఆడవాళ్ళ చేయి గుర్తొచ్చింది. 2012 ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అని ఒక రివాల్వర్ విడుదల చేసింది. ఆడవాళ్ళ కోసం ప్రత్యేకం అన్నారు. బరువు అర కిలో, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు, పెట్టుకోవడానికి నగల పెట్టె లాంటి పెట్టె. బరువు తగ్గించారు, పెట్టె అందంగా చేశారు. ఆడదాని చేతికి తుపాకీ ఇవ్వాలని ఎవరికైనా తోస్తే అది భయం కోసమే తోస్తుంది. ఆట కోసం, ఏకాగ్రత కోసం, గెలుపు కోసం ఆమె తుపాకీ పట్టవచ్చన్న ఊహ ఆ పెట్టెలో పట్టలేదు. మా చుట్టాలూ అంతే. “ఆడపిల్లకు పిస్తోలు ఎందుకమ్మా, ఏమన్న భయమున్నదా?” అన్నవాళ్ళే అందరూ.

*

2024 ఎండాకాలం సెలవుల్లో మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాం. ఈసారి వేరే రేంజికి. అక్కడ ఇంకో అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతున్నది, మా పిల్ల క్లబ్బు పిస్టల్‌తో అవస్థపడటం చూసింది. తన పెట్టె తెరిచి తన పిస్టల్ ఇచ్చింది. “దీంతో చూడు చెల్లీ.” మా అమ్మాయి వేలు సరిగ్గా ట్రిగ్గర్ మీద ఆనింది. పిల్ల మొహం చూసి నాకు నోట మాట రాలేదు.

“తన చేతులు చిన్నవి కావు ఆంటీ. క్లబ్బు పిస్టళ్ళన్నిటికీ గ్రిప్ ఎం సైజే. నాది ఎస్. పిస్టల్ రెండూ ఒకటే” అంది ఆ అమ్మాయి.

గ్రిప్పంటే పిడి. మ్యాచ్ పిస్టల్‌కు అది విడిభాగం. ఒక మర విప్పితే ఊడివస్తుంది. చిన్నది, మధ్యస్థం, పెద్దది అని వేర్వేరు సైజుల్లో దొరుకుతుంది. యూరప్‌లో చేతి బొమ్మ గీసి పంపితే దానికి తగ్గట్టు చెక్కి పంపేవాళ్ళు కూడా ఉన్నారు. అంటే మా పిల్లను రెండేళ్ళు ఆగమన్నది ఒక చెక్క ముక్క కోసం.

ఆ అమ్మాయి దగ్గర మేం నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ చిన్న చేతుల పిల్లలుండవచ్చు.

మొదట కంపెనీ పేరు చూడొద్దు, పిడి చూడాలి. స్టైయర్, మోరిని, వాల్తర్, పార్దీని, ఏదైనా 10 మీటర్ల దూరంలో గురి తప్పేది కాదు. తప్పేది చేతికీ చెక్కకీ మధ్య ఉన్న ఖాళీ వల్ల. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో పిస్టల్ లోతుగా కూర్చోవాలి. మిగతా మూడు వేళ్ళు పిడి చుట్టూ తిరిగి సమంగా ఒత్తాలి. కళ్ళు మూసుకుని చేయి ఎత్తి, మళ్ళీ తెరిచి చూస్తే ముందుచూపూ వెనకచూపూ దాదాపు వరసలో ఉండాలి. ప్రతిసారీ మణికట్టు తిప్పి సరిచేసుకోవలసి వస్తే ఆ పిడి మనది కాదు.

రెండోది, ట్రిగ్గర్ ఎంత దూరంలో ఉందో చూడాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మీద ఆనాలి. వేలి పక్కభాగం పిడికి తగలకూడదు. కొస మాత్రమే అందితే వేలు ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి లాగలేదు, పక్కకు నెడుతుంది. కుడిచేతి వాళ్ళ గుండు ఎడమకు పోతుంది. మా పిల్ల మొదటి రోజు గుండ్లన్నీ ఎడమవైపే పడ్డాయి. ‘చేతిలో బలం లేదు’ అని చెప్పారు. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కావలసిన కనీస ఒత్తిడి 500 గ్రాములు. బీడీ కొస మడిచే వేలికి అదొక లెక్కా? మ్యాచ్ పిస్టళ్ళలో ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. చిన్న చేతికి వెనక్కి జరపాలి. అదీ ఒక మర పనే.

మూడోది బరువు. నియమం ప్రకారం ఎయిర్ పిస్టల్ 1500 గ్రాములు మించకూడదు. చాలావాటి బరువు కిలోకు అటూ ఇటూ ఉంటుంది. 75 నిమిషాల్లో 60 గుండ్లు, ఒంటి చేత్తో, మణికట్టుకు ఏ ఆసరా లేకుండా. కాబట్టి మొత్తం బరువు ఎంతన్నదానికన్నా అది ఎక్కడుందన్నది ముఖ్యం. ముక్కు బరువైతే మణికట్టు వాలిపోతుంది. పొట్టి గొట్టంతో వచ్చే రకాలు ఉన్నాయి. చిన్నవాళ్ళకు అవి నయం.

నాలుగోది, గాలి నింపే తీరు. ప్రతి గుండుకూ మీట లాగి గాలి నింపుకునే పాత రకాలు చవక. కానీ 60 సార్లు మీట లాగిన చేయి గురికి పనికిరాదు. సిలిండర్ ఉన్నవే మేలు. పాతది కొంటే సిలిండర్ మీద తేదీ చూడాలి. దాని ఆయుష్షు సాధారణంగా పదేళ్ళు. ఇంకో సంగతి. ఈ 4.5 మిల్లీమీటర్ల, 20 జౌళ్ళ లోపు ఎయిర్ పిస్టల్‌కు తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. 25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ టూటూ పిస్టల్‌కు కావాలి. మొదటిది ఎప్పుడూ ఎయిర్ పిస్టలే కావాలి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎంత తొందరున్నా కొన్నిరోజులు అరువు పిస్టళ్ళతో కాల్చి చూడకుండా కొనకూడదు. పిల్ల చేయి ఇంకా పెరుగుతుంది కాబట్టి పిస్టల్ పెద్దయ్యాక కూడా పనికొచ్చేది కొనాలి. పిడిని మాత్రం ఇవాల్టి చేతికి చూడాలి. రేపటి చేతికి రేపు ఇంకో పిడి.

*

కొత్త మ్యాచ్ పిస్టల్ ధర లక్ష దాటుతుంది. మేం చేతులు మారినది కొన్నాం. దానికి ఉన్నది ఎం సైజు పిడే. ఎస్ సైజు తెప్పించుకోవడానికి డబ్బూ కావాలి, ఎదురుచూడటమూ కావాలి. అమ్మ విని, “పిడేనా? వడ్లాయనకు చూపెట్టరాదుండ్రి” అంది.

నేను భయపడ్డాను. వాల్‌నట్ చెక్క, ఎక్కడో విదేశంలో కొలిచి కోసినది. ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు. వడ్లాయన పిస్టల్ ముట్టనన్నాడు. పిడి ఒక్కటే చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. “ఎవరికి?” అనడిగి, మా పిల్ల చేయి పట్టుకుని చూశాడు. చెక్క ఎక్కడ ఎక్కువ తగులుతున్నదో, ఎక్కడ అసలు తగలడం లేదో ఎలా తెలిసేది? దారి చెప్పింది అమ్మే. ఫ్యాక్టరీలో నాన్న బేరింగులు అమర్చేటప్పుడు నీలిరంగు రాసి, ఎక్కడ అంటిందో చూసి అక్కడ గీకేవాడట. అమ్మ లోపలికి పోయి పసుపు తడిపి తెచ్చింది. పిల్ల అరచేతికి సన్నగా రాసి పిడి పట్టుకొమ్మంది. తీసి చూస్తే చెక్క మీద రెండే చోట్ల పసుపు. అరచేతి మడమ దగ్గర కొంచెం, మధ్యవేలి దగ్గర కొంచెం. మిగతా అరచేయి అంతా గాలిలో ఉంది.

మూడు ఆదివారాలు పట్టింది. వడ్లాయన ఆకురాయితో కొంచెం గీకేవాడు, గరుకు కాగితం వేసేవాడు, అమ్మ మళ్ళీ పసుపు రాసేది. ఒకచోట ఎక్కువ పోయింది. చెక్కపొడి, లప్పం కలిపి నింపాడు. కింద అరచేయి ఆనే బల్లను పైకి వంపు పెడితే హాయిగా ఉంటుందన్నాడు గానీ, నియమాలు ఒప్పుకోవు. పిడి చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా కాకూడదు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అవన్నీ కాగితం మీద రాసిచ్చాను. మూడో ఆదివారం పిడి తీసి చూస్తే అరచేయంత పసుపు, చెక్క మీద పూర్తిగా. అమ్మ దాన్ని తీసుకుని తన చేతిలో పట్టుకుని చూసింది. ఆమె వేళ్ళు ఇప్పుడు వంకరపోయాయి. పూర్తిగా ముడుచుకోవు. “నాకు గిన్నేండ్లకు గూడ ఏ కత్తెర గిట్ల కుదరలె” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. నలభై ఏళ్ళు అమ్మ కత్తెర పట్టింది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుని పట్టేది. ఆ పేలిక నాకు అమ్మ చేతిలో భాగంగానే గుర్తు. కత్తెర రింగు ఆమె వేలికి సరిపోలేదని నేను ఒక్కనాడూ అనుకోలేదు. కొలతల చరిత్ర కోసం లీ-ఎన్‌ఫీల్డ్ దాకా వెళ్ళిన నాకు ఇంట్లోని పేలిక కనపడలేదు.

ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అరవై దాటాక, 1999లో, మనవరాలికి తోడుగా రేంజికి వెళ్ళి తనూ పిస్టల్ పట్టింది. 2021లో చనిపోయేనాటికి ‘షూటర్ దాదీ’గా దేశమంతా తెలుసు. ఆమె కథ అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వి, “నా కండ్లు కానస్తలేవు గని” అని వదిలేసింది. కళ్ళు అంది గానీ, చేతులు అనలేదు.

మా అమ్మాయి ఇప్పటికి చిన్న పోటీలు కొన్ని ఆడింది. పతకాలేమీ లేవు. గుండ్లు మాత్రం ఎడమకు పోవడం మానేశాయి. ఒకటి నడుమకు, ఒకటి పక్కకు, అందరి పిల్లల గుండ్లలాగే పడుతున్నాయి. 10 పాయింట్ల గుండ్రం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. దాని గురించే తనిప్పుడు దిగులుపడుతుంది, తన చేతుల గురించి కాదు.

పోయిన నెల మేం మొదట వెళ్ళిన రేంజికి తను ఒక ఉత్తరం రాసింది. క్లబ్బు పిస్టళ్ళలో కనీసం ఒకదానికి ఎస్ సైజు పిడి కొనమనీ, అది కొత్త పిస్టల్ కన్నా ఎంతో చవక అనీ, కొత్తగా వచ్చే పిల్లలకు ముందు అదిచ్చి చూడమనీ. కింద తన చేతి బొమ్మ గీసి, పొడుగూ వెడల్పూ మిల్లీమీటర్లలో రాసింది. జవాబు రాలేదు. “ఇంకోసారి రాస్త” అంటున్నది. ఈసారి అమ్మమ్మ చేతి బొమ్మ కూడా గీసి పంపుతుందట.